పెరంబూరులో పెద్దవాళ్ళ ఫోను క్లాసు: ఎనిమిది బుధవారాలు వెళ్ళొచ్చాక

ముందు లెక్క చెప్పేస్తాను. ఎనిమిది క్లాసులు, వారానికొకటి, బుధవారం పొద్దున పదిన్నర నుంచి పన్నెండు దాకా. ఫీజు 1,600 రూపాయలు. చోటు చెన్నైలో పెరంబూరు, పేపర్ మిల్స్ రోడ్డులోంచి లోపలికి తిరిగే ఒక సందులో, రెండో అంతస్తు, లిఫ్టు లేదు. సాయంత్రాలు స్కూలు పిల్లలకు ట్యూషన్ చెప్పే గది అది. పగలు ఖాళీగా ఉంటుంది కాబట్టి ఆ వేళప్పుడు మాలాంటి వాళ్ళకి ఫోను వాడడం నేర్పుతున్నారు. మా బ్యాచిలో తొమ్మిది మందిమి. అందరికన్నా చిన్నావిడకి 63, అందరికన్నా పెద్దాయనకి 81. నాకు 70.

సెంటరు పేరు రాయొద్దని టీచరమ్మే అడిగింది. ఒక్కత్తే నేర్పుతుంది, తొమ్మిది మందికి మించి చూసుకోలేదు, ఇంకా వస్తామంటే కాదనడం ఆమెకి కష్టం. పెరంబూరు, అయనావరం, విల్లివాక్కం వైపు ఉండేవాళ్ళు నలుగురిని అడిగితే ఎలాగూ తెలిసిపోతుంది. మిగతావాళ్ళకి ఈ రాత ఎందుకంటే, మీ పేటలో ఇలాంటి క్లాసు ఏదైనా పెడితే అమ్మనో నాన్ననో చేర్చే ముందు ఏం చూసుకోవాలో దీంతో తెలుస్తుంది. ఇదంతా నేను వేలితో ఫోను మీద అక్షరాలు దిద్ది రాసిందే. ఆరు రోజులు పట్టింది.

నేను పుట్టింది గూడూరు దగ్గర పల్లె. 1976లో పెళ్ళయి పెరంబూరు వచ్చాను. మా ఆయన ఐసీఎఫ్‌లో, అదే రైలు పెట్టెల ఫ్యాక్టరీలో పనిచేసి రిటైరయ్యారు. ఇంట్లో ఫోను వ్యవహారం మొత్తం ఆయనది. నెల్లూరులో మా అక్కకి ఫోను కలిపివ్వడం, న్యూజెర్సీలో ఉన్న కొడుకుతో వీడియో కాల్ పెట్టడం, కరెంటు బిల్లు, గ్యాసు, అన్నీ ఆయనే. నేను పక్కన కూర్చుని మాట్లాడే మనిషిని. 2022లో ఆయన పోయారు. ఆయన ఫోను నా చేతికొచ్చింది. నంబరు ఆయనదే, అందులో గ్రూపులూ ఆయనవే. పొద్దున్నే ఆ ఫోను టింగు టింగుమంటుంటే చాలా రోజులు దాన్ని బీరువాలో చీరల మధ్య పెట్టి తలుపు వేసేదాన్ని.

మా అమ్మాయి పుణెలో ఉంటుంది. ఎప్పుడొచ్చినా నేర్పాలనే చూసేది, దాని ప్రేమలో లోటేమీ లేదు. కానీ నేను వేలు పెట్టి వెతుక్కునేలోపు "ఇలా ఇవ్వమ్మా" అని ఫోను తీసుకుని, టకటకా నాలుగు చోట్ల నొక్కి తిరిగి ఇచ్చేది. పనయిపోయేది, నాకు మాత్రం రాకపోయేది. రెండోసారి అడగాలంటే మొహమాటం. మూడోసారి అడగడం మానేశాను. నా ఈడు వాళ్ళని ఎవరిని కదిపినా ఇదే మాట చెప్తారు. తేడా ఒక్కటే, ఫోను తీసుకునేది ఒక ఇంట్లో మనవడు, ఇంకో ఇంట్లో కోడలు.

ఈ క్లాసులో నేను మొదట మెచ్చుకున్నది అక్కడే. మొదటి రోజు అందరం ఫోన్లు బల్ల మీద పెట్టాక టీచరమ్మ చెప్పిన మొదటి మాట, "మీ ఫోను నేను ముట్టుకోను" అని. తమిళంలో ఒకసారి, తెలుగులో ఒకసారి చెప్పింది. ఎనిమిది వారాల్లో ఒక్కసారి కూడా ఆ మాట తప్పలేదు. మా 81 ఏళ్ళ పెద్దాయన ఒక రోజు వాల్యూము బొత్తాం వెతుక్కోవడానికి పది నిమిషాలు తీసుకున్నారు. మేమందరం ఆగాం. పక్కావిడ ఆయన ఫోను మీదికి చెయ్యి చాపితే టీచరమ్మ నెమ్మదిగా ఆ చెయ్యి పట్టుకుని వెనక్కి పెట్టింది. ఆయన బొత్తాం దొరికించుకున్నప్పుడు ఆ ముఖం చూడాలి మీరు. నేనైతే ఆ పది నిమిషాలకే 1,600 ఇవ్వొచ్చంటాను.

టీచరమ్మకి ముప్పై అయిదు, ముప్పై ఆరు ఉంటాయి. ఇంటి భాష తెలుగు. తాతల కాలంలో చిత్తూరు వైపు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన కుటుంబం. మాట చక్కగా వస్తుంది, చదవడం రాయడం రాదు. చెన్నైలో ఇలాంటి తెలుగిళ్ళు ఎన్ని ఉన్నాయో ఇక్కడివాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు. నేను నా ఫోను భాష తెలుగుకి మార్చుకున్నాను. అప్పుడొచ్చింది అసలు సంగతి. నా తెర మీద ఏముందో ఆమె చదవలేదు. "ఆంటీ, నాకు ఈ లిపి రాదు. మీరే పైనుంచి కిందికి చదివి చెప్పండి, ఎక్కడ నొక్కాలో చెప్తాను" అంది. అలా ప్రతి గుర్తు కిందా ఉన్న మాట పైకి చదవాల్సి వచ్చింది. ఆ చదవడంలోనే నాకు దారి తెలిసింది. వాట్సాప్ సెట్టింగుల్లో ఒకచోట "గోప్యత" అని ఉంది. అంటే ఏమిటాంటీ అంది. గుట్టు అన్నాను. అది ఆమె నోటుబుక్కులో ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకుంది. తరువాత నుంచి క్లాసంతా ఆ చోటుని గుట్టు అనే పిలిచాం, తమిళులు కూడా.

ఆ గుట్టులో మొదట నేను చేసిన పని, నన్ను గ్రూపుల్లో ఎవరు చేర్చొచ్చు అన్న చోట నాకు తెలిసిన నంబర్ల వాళ్ళే అని పెట్టుకోవడం. అంతకుముందు ఎవరో ముక్కూ మొహం తెలియనివాళ్ళు షేర్ మార్కెట్టు గ్రూపులో చేర్చేవారు, నేను భయపడి ఫోను మూసేసేదాన్ని.

మొదటి క్లాసులో వాట్సాప్ తెరవనే లేదు. గంటన్నరా వేళ్ళ గురించీ కళ్ళ గురించే. నేను ఇన్నాళ్ళూ ఫోను పాడైందనుకున్నాను. ఒక గుర్తు మీద వేలు పెడితే తెరుచుకోదు, ఆ గుర్తు లేచి కదులుతుంది, లేదంటే తీసేయాలా అని అడుగుతుంది. కారణం ఏమిటంటే నేను వేలు ఎక్కువసేపు ఆనిస్తున్నాను. ఫోనుకి తట్టడం ఒక ఆజ్ఞ, నొక్కి పట్టడం ఇంకో ఆజ్ఞ. మా వయసు వేలు తట్టి వెంటనే లేవదు. దానికి ఆండ్రాయిడ్ ఫోన్ల సెట్టింగుల్లో యాక్సెసిబిలిటీ అన్న చోట ఒక వెసులుబాటు ఉంది, ఎంతసేపు నొక్కితే నొక్కి పట్టినట్టు లెక్కో మనమే పెంచుకోవచ్చు. పొడుగ్గా పెట్టుకున్నాను. ఆ రోజు నుంచి గుర్తులు లేచి కదలడం ఆగింది. ఇంట్లో ఇంత చదువుకున్నవాళ్ళు ఉన్నారు, ఇది ఎవరికీ తట్టలేదు, ఎందుకంటే వాళ్ళ వేళ్ళకి ఆ బాధ లేదు. వేలు మరీ పొడిబారి ఉంటే తెర పట్టించుకోదని, తడిగుడ్డకి అద్ది తుడుచుకుని తట్టమని కూడా అప్పుడే చెప్పింది. అక్షరాల సైజు ఫోనులో ఒకచోట పెంచుకోవాలి, వాట్సాప్ లోపల చాట్‌ల దగ్గర ఇంకోచోట పెంచుకోవాలి. రెండూ చేసుకున్నాక కళ్ళజోడు తుడుచుకుని తుడుచుకుని చూసే పని తప్పింది.

ఇక వాయిస్ మెసేజ్. దీని గురించి కాస్త ఎక్కువే రాస్తాను.

మా అక్కకి 76. నెల్లూరులో మనవడి దగ్గర ఉంటుంది. చెవులు సరిగా వినపడవు. ఫోను చేస్తే "ఏందే? ఏందే?" అని నాలుగుసార్లు అడుగుతుంది, అయిదోసారి అడగడం దానికి చిన్నతనం, అర్థం కాకపోయినా "ఆఁ ఆఁ" అనేస్తుంది. నాకూ తెలుస్తుంది అది వినలేదని. చివరికి ఇద్దరం బాగున్నావా, బాగున్నాను అనుకుని పెట్టేసేవాళ్ళం. వాయిస్ మెసేజ్ నేర్పినప్పుడు నాకు ఒక్కసారి తట్టింది. ఇది మళ్ళీ మళ్ళీ వినొచ్చు కదా! ఎవర్నీ అడగక్కర్లేదు. ఫోను ఎత్తి చెవి దగ్గర పెట్టుకుంటే మామూలు ఫోనులాగే చెవిలో పలుకుతుంది కూడా. మైకు గుర్తు నొక్కి పట్టి పైకి జరిపితే తాళం పడుతుంది, ఇక వేలు తీసేసి తీరిగ్గా మాట్లాడొచ్చు. నా వేలు వణుకుతుంది కాబట్టి ఆ తాళమే నాకు ప్రాణం.

టీచరమ్మ ఇంటిపని ఒకటే ఇచ్చేది. వారమంతా ఎవరికీ ఏదీ ఫార్వార్డు చేయకూడదు. రోజుకొకరికి ఒక సొంత మాట పంపాలి. ఏం మాట పంపాలమ్మా అంటే, పొద్దున్నించి ఏం చూశారో అది అంది. నేను అక్కకి మొదట పంపింది గోంగూర గురించి. పెరంబూరు మార్కెట్టులో ఆ రోజు ఎర్రకాడ గోంగూర వచ్చింది. ఇక్కడ పుళిచ్చకీరై అంటారు, చిన్న కట్టలు కడతారు, మనూళ్ళో లాగా పులుపు ఉండదు, అయినా రెండు కట్టలు కొన్నానని, అమ్మ రోట్లో నూరేప్పుడు చివర ఉల్లిపాయ ఎప్పుడు వేసేదో గుర్తు రావడం లేదని చెప్పాను. ఒక నిమిషం నలభై సెకన్లు. సాయంత్రానికి అక్క దగ్గర్నుంచి నాలుగు నిమిషాల జవాబు వచ్చింది. ఉల్లిపాయ సంగతి మొదటి అర నిమిషంలో అయిపోయింది. తరువాత అమ్మ రోలు ఎవరి దగ్గరుంది, మా పెద్దమ్మ కూతురు ఎందుకు అలిగింది, చేపల పులుసులో మామిడికాయ ఎప్పుడు వేయాలి, అన్నీ. చివర్లో, "నీ గొంతు ఎంత దగ్గర్లో ఉండాదే! మూడుసార్లు విన్యా" అంది. నలభై ఏళ్ళుగా ఫోన్లో మాట్లాడుకుంటున్నాం మేము. ఇంతసేపు ఒకరి మాట ఒకరం విన్నది ఇదే మొదలు.

మనవరాలి సంగతీ అంతే. న్యూజెర్సీలో ఆరో తరగతి. తెలుగు అర్థమవుతుంది, చదవలేదు. నాకు ఇంగ్లీషు రాయడం అంత బాగా రాదు. మా ఇద్దరి మధ్య రాత పనికిరాదు. ఎండాకాలంలో వాళ్ళు మనకి తొమ్మిదిన్నర గంటలు వెనక. నేను కాఫీ కలుపుకుని ఆరు గంటలకి మాట్లాడి పంపితే దానికి ముందురోజు రాత్రి ఎనిమిదిన్నర, పడుకోబోయే ముందు వింటుంది. ఇదివరకు ఆదివారం వీడియో కాల్లో వాళ్ళ నాన్న "బామ్మకి హాయ్ చెప్పు" అంటే హాయ్ చెప్పి పరుగెత్తేది. ఇప్పుడు వచ్చీరాని తెలుగులో తనే పంపుతుంది. "బామ్మా, ఇవాళ స్నో పడింది, నీకు పంపాలి" అని ఒకరోజు. వీడియో కాల్లో ఒకేసారి 32 మంది దాకా చేరొచ్చని క్లాసులో చెప్పారు. మా ఇంట్లో అందరం కలిపి పదకొండు మందిమి, అందరూ ఒకేసారి మాట్లాడితే ఎవరిదీ వినపడదు. ఈ ఒక్కొక్కరి గొంతు ఒక్కొక్కసారి వినడమే నాకు బాగుంది.

రాయడం కూడా నేర్పారు. నేను ఎస్సెస్సెల్సీ దాకా తెలుగు మీడియం. బొత్తాల కీబోర్డులో ఒత్తులు ఎక్కడుంటాయో వెతకలేక ఏడుపొచ్చేది. జీబోర్డు అనే గూగుల్ కీబోర్డులో తెలుగుకి చేతిరాత కీబోర్డు ఉంది, పలక మీద దిద్దినట్టు వేలితో దిద్దితే అచ్చక్షరంగా మారుతుంది. నోటితో చెప్తే రాసుకునే సౌకర్యం కూడా తెలుగుకి 2017 నుంచి ఉందట. అది నాకు ఎందుకో నచ్చలేదు, నా నెల్లూరు యాసకి అది రాసే మాటలు చూస్తే నా మాటల్లా ఉండవు. దిద్దడమే హాయి. పెళ్ళయ్యాక చాకలి పద్దు తప్ప తెలుగు రాసింది తక్కువ. ఋ ఎలా తిప్పాలో ఒక నిమిషం ఆలోచించాల్సి వచ్చింది.

ఫార్వార్డుల సంగతి. నేనూ పంపేదాన్ని, దాచుకోను. దేవుళ్ళ బొమ్మలు, ఏదో ఆకు నమిలితే షుగరు పోతుందన్న మాటలు, అన్నీ. అది నా పలకరింపు. వేరే ఎలా పలకరించాలో చేతకాక అది పంపేదాన్ని. టీచరమ్మ దీని మీద ఎవర్నీ తప్పు పట్టలేదు. ఒక మెసేజ్ పైన రెండు బాణాలు ఉంటే అది చాలా చేతులు మారి వచ్చిందని అర్థమని, అలాంటిదాన్ని ఒకసారికి ఒకరికే పంపనిస్తుందని చూపించింది. పుకార్లు నమ్మి జనాన్ని కొట్టి చంపిన ఘటనలు జరిగాక 2018లో మన దేశంలో ఒకసారికి అయిదుగురికి మించి ఫార్వార్డు చేయకుండా కట్టడి పెట్టారని చెప్పింది. ఆ మాటకి గది నిశ్శబ్దమైపోయింది. మేము పంపుకునే బొమ్మలూ అదే దారిలో పోతాయని నేను ఎప్పుడూ అనుకోలేదు. తరువాత నేను పంపే ఫార్వార్డులు తగ్గాయి. ఆకుల వైద్యం పూర్తిగా మానేశాను.

నీలం టిక్కుల మీద ఒక క్లాసు సగం గడిచింది, అది గడవాల్సిందే. ఒక టిక్కు అంటే మన దగ్గర్నుంచి వెళ్ళింది, రెండు టిక్కులంటే వాళ్ళ ఫోనుకి చేరింది, రెండూ నీలమైతే చూశారు. పురసవాక్కం నుంచి 29సీ బస్సులో వచ్చే ఒకావిడ అంది, "చూసి కూడా జవాబివ్వలేదంటే నేను అక్కర్లేదనే కదా." ఆవిడకి కొడుకు ఒక్కడే. ఇంకో పెద్దాయన తల ఊపారు. టీచరమ్మ వాళ్ళ పిల్లల్ని వెనకేసుకు రాలేదు, తిట్టనూ లేదు. ఆఫీసులో మీటింగు మధ్య చూసినా నీలమే అవుతుందని, రైల్లో నిలబడి చూసినా నీలమే అవుతుందని చెప్పింది. గుట్టులో దాన్ని ఆపేయొచ్చని, అప్పుడు మనం చూసింది వాళ్ళకి తెలియదు, వాళ్ళు చూసింది మనకీ తెలియదని, గ్రూపుల్లో మాత్రం ఆగదని చెప్పింది. పెద్దాయన అక్కడే ఆపేసుకున్నారు. తరువాతి వారం వచ్చి నిద్ర బాగా పడుతోందన్నారు. నేను ఆపలేదు. అక్క చూసిందని ఆ నీలం చూస్తేనే నాకు తెలుస్తుంది.

మోసాల క్లాసు ఆరోది. ఇలాంటి క్లాసుల్లో మామూలుగా ఓటీపీ చెప్పకండి, లింకు నొక్కకండి అని గోడ మీద రాసి వదిలేస్తారు. ఇక్కడ అలా చేయలేదు. మా బ్యాచిలో రిటైరైన హెడ్‌మిస్ట్రెస్ ఒకావిడ ఉన్నారు. ఆవిడకి నిరుడు ఒక వీడియో కాల్ వచ్చింది. పోలీసు డ్రెస్సులో ఒకడు, మీ పేరు మీద వచ్చిన పార్సిల్లో మత్తుమందు దొరికింది, ఫోను కట్ చేస్తే ఇంటికొచ్చి పట్టుకుపోతాం అన్నాడు. రెండు గంటలు ఆవిడ మంచం మీద కదలకుండా కూర్చున్నారు. పనమ్మాయి వచ్చి తలుపు బాదితే గానీ తెప్పరిల్లలేదు. ముప్పై ఏళ్ళు స్కూలు నడిపిన మనిషి. "నేను వాణ్ణి నమ్మలేదు, అయినా కట్ చేయలేకపోయాను. అవతలి మనిషి మాట్లాడుతుంటే పెట్టేయడం నాకు చేతకాదు" అన్నారు. ఆ మాట దగ్గర మేమందరం ఆగిపోయాం. నిజమే, ఫోను మధ్యలో పెట్టేయడం మర్యాద కాదని పెరిగినవాళ్ళం మేము.

అప్పుడు టీచరమ్మ చేసిన పని నేను ఇంకెక్కడా వినలేదు. వాళ్ళాయన్ని పక్క గదిలో కూర్చోబెట్టి మాకు ఒక్కొక్కరికీ వీడియో కాల్ చేయించింది. ఆయన గట్టిగా గద్దించి మాట్లాడాలి, మేము మధ్యలో కట్ చేయాలి. సారీ అనకూడదు, వస్తానండీ అనకూడదు. నాకు మూడుసార్లు పట్టింది. మొదటిసారి "ఒక్క నిమిషం బాబూ" అన్నాను. హెడ్‌మిస్ట్రెస్ గారు అయిదోసారికి కట్ చేశారు, చేసి కళ్ళు తుడుచుకున్నారు. డిజిటల్ అరెస్టు అనేది మన చట్టంలో ఎక్కడా లేదు, ఏ పోలీసూ వీడియో కాల్లో అరెస్టు చేయడు. ప్రధానమంత్రి కూడా 2024 అక్టోబరులో మన్ కీ బాత్‌లో ఈ మాటే చెప్పారు. డబ్బు పోతే వెంటనే 1930కి ఫోను చేయాలి, ఎంత తొందరగా చేస్తే ఆ డబ్బుని దారిలో ఆపడానికి అంత వీలు. ఆ నంబరు అందరం ఫోనులో రాసుకున్నాం. వాట్సాప్‌కి ఆరంకెల పిన్ను పెట్టుకున్నాం, మన ఫోనుకొచ్చే కోడు ఎవరికైనా చిక్కినా ఆ పిన్ను లేకుండా మన ఖాతాలోకి దూరలేరు. ఆ పిన్ను నేను అమ్మాయికి కూడా చెప్పలేదు. పంచాంగంలో ఒక పేజీ మూల రాసి పెట్టాను.

ఇప్పుడు నచ్చనివి. రెండో అంతస్తు మెట్లు మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళకి నరకం. పెద్దవాళ్ళకని పెట్టిన క్లాసు కింద అంతస్తులో ఉండాలి. బెంచీలు పిల్లలవి, ఎత్తు తక్కువ, లేచేప్పుడు ఒకరి చెయ్యి ఒకరం పట్టుకునేవాళ్ళం. నాలుగో వారం నుంచి నేను ఇంట్లోంచి దిండు పట్టుకెళ్ళాను. చేతికిచ్చే కాగితాలు తమిళంలోనూ ఇంగ్లీషులోనూ ఉన్నాయి, అక్షరాలు చీమల్లా ఉన్నాయి. ఫోనులో అక్షరం పెంచుకోమని చెప్పేవాళ్ళు కాగితం మీద పెంచకపోవడం తప్పు. నేను ఆమెకి ముఖానే చెప్పాను, వచ్చే బ్యాచికి మారుస్తానంది, తెలుగు కాగితం నన్ను రాసివ్వమంది. ఇద్దరికి పిల్లలు ఐఫోన్లు పంపారు. క్లాసంతా ఆండ్రాయిడ్ మీదే నడవడంతో వాళ్ళు సగంసేపు వెనకబడ్డారు. ఆ ఇద్దరి దగ్గరా తక్కువ ఫీజు తీసుకోవాల్సింది, లేదా చేరేటప్పుడే చెప్పాల్సింది.

అన్నిటికన్నా పెద్ద లోటు ఫేస్‌బుక్. ఎనిమిదో క్లాసు ఒక్కదాంట్లో మొత్తం కుక్కేశారు. దానికి రెండు క్లాసులు ఇవ్వాలి. ఎందుకంటే ఫేస్‌బుక్‌లో మా వయసు వాళ్ళకి కావలసింది కొత్త స్నేహాలు కాదు, పోయినవాళ్ళ ఖాతాలు ఏం చేయాలన్న సంగతి. డెబ్బై, ఎనభై ఏళ్ళవాళ్ళం, మా స్నేహితుల్లో ఎంతమంది మిగిలారు? మా ఆయన పుట్టినరోజు డిసెంబరులో. ఆయన పోయాక కూడా ఎక్కడెక్కడివాళ్ళో, తెలియక, నూరేళ్ళు చల్లగా ఉండండి అని ఆయన పేజీ మీద రాస్తున్నారు. రెండేళ్ళు చూశాను. వాళ్ళకి ఏమని చెప్పను.

ఆ రోజు అందరూ వెళ్ళిపోయాక టీచరమ్మని అడిగాను. ఆమె కుర్చీ లాక్కుని పక్కన కూర్చుంది. చనిపోయినవారి ఖాతాని స్మృతి ఖాతాగా మార్చమని ఇంటివాళ్ళు అడగొచ్చు, మరణ ధ్రువపత్రం లాంటి ఆధారం పంపాలి. మారాక పేరు పక్కన రిమెంబరింగ్ అని వస్తుంది, పుట్టినరోజు గుర్తుచేయడం ఆగిపోతుంది, ఇక ఆ ఖాతాలోకి ఎవరూ వెళ్ళలేరు. చివరి మాట వినగానే ముందు ఫోటోలు దించుకుంటానన్నాను. ఫ్యాక్టరీలో తీసినవి, వందే భారత్ మొదటి రైలు 2018లో ఐసీఎఫ్‌లో తయారైనప్పుడు రిటైరైన వాళ్ళంతా దాన్ని చూసి పడ్డ మురిపెం గురించి ఆయన రాసుకున్నవి, నేను అంతవరకు చదవనే లేదు. ఒంటిగంటన్నర దాకా కూర్చున్నాం. ఆమె అప్పుడు కూడా నా ఫోను ముట్టుకోలేదు. పత్రం ఫోటో తీయడం, అందులో తేదీ నింపడం, అన్నీ నా వేలితోనే. తేదీ దగ్గర వేలు ఆగింది. ఆమె కిటికీ వైపు చూస్తూ కూర్చుంది, తొందరపెట్టలేదు. ఆ గంటన్నరకి డబ్బు ఇవ్వబోతే తీసుకోలేదు.

ఆయన వాట్సాప్ గ్రూపు ఒకటి ఉంది, ఫ్యాక్టరీలో ఆయనతో పనిచేసినవాళ్ళది. వాళ్ళకి ఆయన పోయిన సంగతి తెలుసు, చాలామంది వచ్చారు కూడా. అయినా నంబరు తీసేయలేదు. నేను మూడేళ్ళుగా ఆ గ్రూపులో ఉండి అన్నీ చూస్తూ ఒక్క మాట రాయలేదు. అది ఆయన చోటు అనిపించేది. ఎనిమిదో క్లాసు అయిన మర్నాడు పొద్దున మైకు గుర్తు నొక్కి తాళం వేసి, సగం తమిళం సగం తెలుగులో చెప్పాను. నేను ఫలానా ఆయన భార్యని, ఈ నంబరు నా దగ్గర ఉంది, మీరు పెట్టే ఫోటోలన్నీ చూస్తూ ఉన్నాను, ఇక్కడ ఉండనిస్తారా అని. ఒక నిమిషం కూడా లేదు. పంపాక ఫోను బోర్లా పెట్టి వంటింట్లోకి వెళ్ళిపోయాను.

వచ్చి చూస్తే పద్నాలుగు వాయిస్ మెసేజ్‌లు. 1980లలో కపుర్తలా ఫ్యాక్టరీకి వెళ్ళి అక్కడే ఉండిపోయినాయన ఒకరు, మా ఇంట్లో పెసరట్టు తిన్న రోజు గురించి చెప్పారు. మా ఆయన క్యాంటీన్లో టీ తాగేముందు గ్లాసు ఎలా తిప్పేవారో ఇంకొకరు చెప్పారు. అది నేను ఎప్పుడూ చూడలేదు. ఇంట్లో ఆయన కాఫీయే తాగేవారు.

చేరాలా వద్దా అంటే చేరండి. అయిదు నక్షత్రాల్లో నేను నాలుగు ఇస్తాను, ఒకటి మెట్లకీ ఆ చీమ అక్షరాలకీ తగ్గించాను. కళ్ళజోడు, చార్జరు, ఫోను నంబర్లు రాసుకున్న పాత డైరీ పట్టుకెళ్ళండి. మంచినీళ్ళు అక్కడ ఇస్తారు. పురసవాక్కం ఆవిడ లాగా బస్సులో వచ్చే ఆడవాళ్ళకి మామూలు టౌను బస్సుల్లో టిక్కెట్టుకి డబ్బు కట్టక్కర్లేదు. పిల్లలు డబ్బు కడతామంటే కట్టనివ్వండి, కానీ క్లాసులోకి రానివ్వొద్దు. మూడో వారం ఒకాయన కూతురు వచ్చి పక్కన కూర్చుంది, ఆ రోజు ఆయన ఏమీ నేర్చుకోలేదు.

క్లాసులు అయిపోయాక అడగడానికి ఎవరూ ఉండరన్నది ఇంకో లోటుగా రాద్దామనుకున్నాను. మా తొమ్మిది మందిమే ఒక గ్రూపు పెట్టుకున్నాం. మొన్న ఫోను ఏదో అప్‌డేట్ అయి గుర్తుల వరస మారిపోయింది. హెడ్‌మిస్ట్రెస్ గారు అందరికన్నా ముందు కనిపెట్టి, ఏది ఎక్కడికి జరిగిందో తమిళంలో వాయిస్ పెట్టారు. అదే రోజు సాయంత్రం నెల్లూరు నుంచి అక్క మనవడి ఫోనులోంచి పంపింది, "ఆ కాల్ గుర్తు యాడికి పోయిందే? పొద్దున్నించి ఎతుకతుండా."

"అక్కా, ఫోను ఎవరికీ ఇవ్వబాక. కింద వరసలో కుడి చేతి పక్క చివర చూడు. తీరిగ్గా చూడు" అని పంపాను.

పది నిమిషాలకి ఫోను మోగింది. అక్కే. దాని ఫోనులోంచే.